పడవ దీపాలు మార్చేముందు



తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవలకు వేట నిషేధం గదా! వలలు బాగుచేసుకోవడం, ఇంజను విప్పి చూసుకోవడం, పడవకు రంగు వేసుకోవడం అన్నీ యీ రోజుల్లోనే జరుగుతాయి. ఆ పనులతోపాటు చేసుకోవలసిన మరొక పనిని గురించి యీ వేళ మీతో ముచ్చటిస్తాను. అది పడవ మీది దీపాలు మార్చడం. పాత తీగ బల్బులు తీసి ఎల్.ఇ.డి. బల్బులు పెట్టుకోవడమన్నమాట.

ముందుగా లాభమెంతో లెక్క చూద్దాం. మీ పడవలో 12 వోల్టుల బ్యాటరీ వుంది. దాని శక్తి 100 ఆంపియర్-గంటలనుకోండి. అందులో సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. కావున మన చేతిలో వున్నది 50 మాత్రమే. పైన తెల్లదీపం 25 వాట్లు, ఎరుపు 10, ఆకుపచ్చ 10, వల దగ్గర పనిదీపం 15, వెరసి 60 వాట్లు. 60ని 12 చేత భాగిస్తే 5 ఆంపియర్లు. రాత్రి 10 గంటలు వెలిగిస్తే సరిగ్గా 50 ఆంపియర్-గంటలు ఖర్చయిపోతాయి. ఇక వైర్లెస్సుకేమి మిగిలింది? తెల్లవారుజామున ఇంజను సెల్ఫుకేమి మిగిలింది?

అదే ఎల్.ఇ.డి. బల్బులైతే ఆ నాలుగు దీపాలకూ కలిపి సుమారు 10 వాట్లు చాలు. రాత్రంతా వెలిగినా ఎనిమిది, తొమ్మిది ఆంపియర్-గంటలకు మించదు. పైగా ఇంజను అదురుకు తెగిపోవడానికి అందులో తీగే లేదు. లాభం మాట నిజమే. అయితే బజారుకు పోయి, చేతికి దొరికిన బల్బు తెచ్చి బిగిస్తే సరిపోతుందా? సరిపోదు.

కాకినాడవైపు నాకు తెలిసిన వొక సరంగు అట్లాగే చేశాడు. చవకగా దొరికినవి, తెల్లగా మెరిసేవి నాలుగు బల్బులు తెచ్చి అన్ని దీపాలకూ అవే పెట్టాడు. వొక రాత్రి అతని మేనల్లుడి పడవ ఎదురుగా వస్తోంది. రెండూ గుద్దుకోబోయి వెంట్రుకవాసిలో తప్పిపోయాయి. వొడ్డుకు వచ్చాక మేనల్లుడన్నాడు: “మావా, నీ పచ్చదీపమొక్కటే అగపడింది. నువ్వు నా కుడివైపుకి పోతన్నావనుకుని నేను ఎడమకి కోశాను.” సరంగు తెల్లబోయి, “అదేట్రా, ఎర్రదీపం కూడా ఎలుగుతానే వుంది గదా! ఎదురుపడితే కుడికి తిరగాలని నేను కుడికే తిప్పాను” అన్నాడు.

ఎదురెదురుగా వున్న మనుషుల్లో వొకరి కుడి మరొకరికి ఎడమ. ఆయన కుడికి, యితను ఎడమకు తిప్పితే రెండు పడవలూ వొకే వైపుకు వచ్చాయి. ఎర్రదీపం కనిపించివుంటే మేనల్లుడు కూడా కుడికే తిప్పేవాడు.

వెలుగుతున్న దీపం ఎందుకు కనబడలేదు? పాత తీగ బల్బు వెలుతురులో ఎరుపుపాలు ఎక్కువ. అందువల్ల ఎర్ర అద్దంలోనుండి బాగా బయటికి వస్తుంది. తెల్ల ఎల్.ఇ.డి. సంగతి వేరు. అది నిజానికి నీలిరంగు దీపం. దానిమీద పసుపువన్నె వెలుగునిచ్చే పూత పూసి తెలుపుగా కనిపించేటట్లు చేస్తారు. అందులో ఎరుపు తక్కువ. ఎర్ర అద్దం మిగతా రంగులను ఆపేస్తుంది, బయటికి వచ్చేది మసక వెలుగు. ఆకుపచ్చ అద్దం వెనుక పెడితే నీలిఛాయ తిరుగుతుంది. కాబట్టి మొదటి సూత్రం: ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్.ఇ.డి., ఆకుపచ్చ అద్దానికి ఆకుపచ్చ ఎల్.ఇ.డి.

రెండవది. కొన్ని పడవలకు ముందుభాగాన వొకే డొప్పలో ఎరుపు, ఆకుపచ్చ అద్దాలు రెండూ వుండి, మధ్య వొకే బల్బు వుంటుంది. సన్నని తీగ నడిమధ్య నిలబడి వుండడంవల్లనే రెండు రంగులూ వేరువేరుగా కనిపిస్తాయి. అక్కడ వెడల్పాటి ఎల్.ఇ.డి. బల్బు పెడితే రెండు రంగులూ ముందువైపున కలిసిపోతాయి. యిటువంటి డొప్పకు బల్బు మార్చవద్దు. డొప్పతో సహా, పడవల కోసమే తయారైన ఎల్.ఇ.డి. దీపం కొనండి.

మూడవది. బ్యాటరీ 12 వోల్టులదంటారుగాని, ఇంజను నడిచి చార్జి అయ్యేటప్పుడు 14 దాటుతుంది. అందుచేత 10 నుండి 30 వోల్టులదాకా తట్టుకొనే బల్బు అడిగి తీసుకోండి. బిగించినాక వెలగకపోతే కంగారుపడవద్దు. ప్లస్సు, మైనస్సు తారుమారైవుంటుంది. హోల్డరులో పట్టిన చిలుము గీకి, ఉప్పునీరు లోపలికి పోకుండా రబ్బరు సరిచూడండి. ఫ్యూజు మాత్రం తీసివేయకూడదు.

నాలుగవది వైర్లెస్సు. నాసిరకం ఎల్.ఇ.డి. బల్బులోని విద్యుత్ పరికరం రేడియోలో రొద పుట్టిస్తుంది. 2018లో అమెరికా కోస్టుగార్డువారు యీ విషయమై హెచ్చరిక వెలువరించారు. ఆపదలో పిలిచే 16వ చానలు వినబడకపోతే దీపం వుండీ ఏమి లాభం? పరీక్ష సులువు. దీపాలు ఆర్పి, వి.హెచ్.ఎఫ్.ను మాటలు లేని చానలులో పెట్టండి. స్క్వెల్చి మీట త్రిప్పి, రొద సరిగ్గా ఆగినచోట వుంచండి. ఇప్పుడు దీపాలు వొక్కొక్కటే వేయండి. ఏ దీపం వేస్తే రొద మళ్ళీ మొదలైందో ఆ దీపం పనికిరాదు.

ఇక చట్టం మాట. 1972లో కుదిరి, 1977 నుండి అమలులో వున్న అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 12 మీటర్లలోపు పడవకు ప్రక్కదీపాలు వొక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్ల దూరానికీ, తెల్లదీపం రెండు మైళ్ళకూ కనిపించాలి. వల వేసి వేటలో వున్నపుడు పైన ఎరుపు, దాని క్రింద తెలుపు, రెండూ అన్ని వైపులకూ కనబడాలి. ట్రాలు లాగేవారికైతే పైన ఆకుపచ్చ, క్రింద తెలుపు.

మరొక్క మాట. కరెంటు తక్కువ గదా అని పెద్ద పెద్ద ఎల్.ఇ.డి. దీపాలు నీటిమీదికి వేసి చేపలను పోగుచేసి పట్టడం తగదు. 2017 నవంబరులో కేంద్రప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. పిల్లచేపలతో సహా ఊడ్చిపెడితే రేపు మన పిల్లలకేమి మిగులుతుంది? నేను చెప్పేది మనల్ని ఎదుటివారికి చూపించే దీపం సంగతి మాత్రమే. పనిదీపమైనా కళ్ళలో పడకుండా క్రిందికి వంచుకోండి. చీకటికి అలవాటుపడిన కన్ను వొకసారి చెదిరితే మళ్ళీ సర్దుకోవడానికి ఇరవై, ముప్పై నిముషాలు పడుతుంది.

చివరగా చేయవలసిన పరీక్ష వొకటుంది. నిషేధం ముగిసేలోపున వొక చీకటిరాత్రి పడవను ఇసుకమీదనే వుంచి దీపాలన్నీ వెలిగించండి. ఇంట్లో పిల్లవాడినెవరినైనా వెంటబెట్టుకొని వొడ్డువెంట వొక మైలు నడవండి. వెనక్కి తిరిగి, “ఏ రంగు కనబడుతోందిరా?” అని అడగండి. ముందువైపుకు వచ్చి వొకసారి, ఎడమప్రక్కనుండి వొకసారి, కుడిప్రక్కనుండి వొకసారి చూపించండి. వాడు తడుముకోకుండా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు అని చెప్పగలిగితే మీ దీపాలు బాగున్నట్లే.

ఆ సరంగు ఇప్పుడు అట్లాగే చేశాడు. మైలుదూరాన నిలబడి దీపాలు చూసి చెప్పినవాడు మేనల్లుడే.