భూమి మన పేర, బస మన ఇంట
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఇడుపులపాయ గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, రుణాలు, కంతుల లెక్కలు ఇందాకే చదివినారు. నేను ఇంకో లెక్క చెప్పడానికి నిలబడినాను. మా ఊరికి జనం వస్తాండారు, పోతాండారు. వాళ్ల రాకతో మన ఇంటికి ఏం మిగులుతోంది? రేపు మన చేతిలో ఏం మిగలాల? ఇదే నా మాట.

మాది కొండల అంచున ఉన్న ఊరు. శెనక్కాయ, పొద్దుతిరుగుడు, బోరులో నీళ్లుంటే చీనీ, అరటి, ఇవే మా బతుకు. వాన పడితే పంట, లేకుంటే కూలి. ఇట్లాంటి ఊరికి 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి అయిన పిల్లోళ్లు ఆరేళ్ల చదువుకు వచ్చి చేరతాండారు. వాళ్లను చూడ్డానికి అమ్మానాన్నలు దూరం నుంచి వస్తారు. 2009 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోతే ఇక్కడే సమాధి చేసినారు. అప్పటి నుంచి ఘాట్‌కు జనం వస్తానే ఉండారు. పక్కనే పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకొని పారే చోట గండి వీరాంజనేయ స్వామి గుడి. శ్రావణ శనివారాలు వస్తే అక్కడ ఇసక వేస్తే రాలనంత జనం.

ఇంతమంది వచ్చినా ఎక్కువమంది మన ఊర్లో పూట అన్నం కూడా తినరు. కారు దిగుతారు, దండం పెడతారు, ఫోటో తీసుకుంటారు, పోతారు. రాత్రి పడుకోవాలంటే వేంపల్లెకో, పులివెందులకో, కడపకో పోవాల్సిందే. వచ్చేవాళ్లు లేక కాదు, వచ్చినవాళ్లను నిలబెట్టుకునే ఏర్పాటు లేక మనకు రూపాయి మిగలడం లేదు.

"అన్నం అమ్ముకోవడమేందమ్మా, ఎవురన్నా నవ్వుతారు" అని మా సంఘంలోనే ఒక పెద్దమ్మ అన్నింది. ఆ అమ్మకు ఒకటే చెప్పినా. పూటకూళ్ల ఇండ్లు మనకు కొత్త కాదు. బాటసారులకు వండిపెట్టి, దానితోనే పిల్లల్ని సాకిన ఆడోళ్లు ఎంతమందో. సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని, అలసంద వడలు, ఓళిగలు పట్నంలో డబ్బు పెట్టినా ఈ రుచి దొరకదు. అది మన చేతి పని. పనికి సిగ్గేంది?

అయితే కళ్లు మూసుకొని దిగొద్దు. గండి జనం వచ్చేది శ్రావణంలో. ఘాట్‌కు ఎక్కువగా వచ్చేది జూలై 8 జయంతికి, సెప్టెంబరు 2 వర్ధంతికి. సరిగ్గా మనం శెనక్కాయ విత్తేది, కలుపు తీసేది కూడా ఆ నెలల్లోనే. ఒక్క ఆడమనిషి పొలం, పొయ్యి, అతిథి మూడూ చూడాలంటే నడుం విరుగుతుంది. అందుకే ఇది ఒక ఇంటి పని కాకూడదు, సంఘం పని కావాల. పది మందిలో ముగ్గురు వంట చూస్తే, మిగతావాళ్లు వాళ్ల పొలంలో కలుపు తీయాల. మనకు బదులు పని తెలియనిదా?

డబ్బు లెక్క కూడా ఉన్నదున్నట్టు చెప్తా. ఇంట్లో ఒక గది, రాత్రికి వెయ్యి, ఏడాదికి అరవై రాత్రులు నిండినాయని అనుకుందాం. అరవై వేలు. అందులో సగం సరుకులకు, కరెంటుకు, పక్కబట్టలకు పోతే ముప్పై వేలు. ఇది సేద్యానికి తోడే గానీ సేద్యానికి మారు కాదు. దీన్ని నమ్మి పొలం వదిలితే రెంటికీ చెడతాం.

ఇప్పుడు దూరదేశం మాట ఒకటి. ఇండోనేసియాలోని జావా ద్వీపంలో, యోగ్యకర్త దగ్గర న్గ్లంగెరాన్ అని ఒక ఊరుంది. అది రాళ్ల గుట్టలు, నీటి కరువు ఉన్న గునుంగ్‌కిదుల్ ప్రాంతం, అచ్చం మన సీమ లాగే. వాళ్లు సేద్యం వదల్లేదు. ఊరి మనుషులే సంఘం కట్టుకొని కొండ చూపిస్తారు, ఇండ్లలో బస ఇస్తారు, తోటలో పండిన కోకోతో చాక్లెట్ చేసి అమ్ముతారు. జనం మరీ ఎక్కువైతే టికెట్ ధర పెంచి తగ్గించుకున్నారు. ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఆ ఊరుంది. అదే జాబితాలో మన తెలుగోళ్ల పోచంపల్లి కూడా ఉంది. అక్కడ చేనేత, ఇక్కడ కోకో. రెండు చోట్లా చూడ్డానికి వచ్చేది ఊరోళ్ల పనినే.

ఇంక అసలు విషయం. జనం వచ్చే ఊర్లో మొదట పెరిగేది భూమి ధర. రోడ్డు పక్క రెండెకరాలకు మంచి రేటు వస్తే మగోళ్ల మనసు ఊగుతుంది. బిడ్డ పెండ్లి ఉంది, బోరు అప్పుంది, అమ్మేద్దామంటారు. అమ్మినాక అదే చేలో హోటల్ లేస్తే మనం అందులో గిన్నెలు కడగడానికి పోవాల. కాబట్టి గదికి సున్నం వేసే ముందు పాసుపుస్తకం తీసి చూడండి. అడంగల్‌లో, వన్‌బీలో ఎవరి పేరుంది? ఇంటి పట్టా ఎవరి పేర ఉంది?

మన రాష్ట్రం 1986లోనే పెండ్లికాని ఆడబిడ్డలకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా, పెండ్లయిన బిడ్డలకు కూడా ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకున్నా హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం అక్కచెల్లెళ్లకు చట్టం వేరు, అందులోనూ ఆడబిడ్డకు భాగముంది. అడిగితే పుట్టింటి గడప మూసుకుంటుందని భయం. ఆ భయం నిజమే. అందుకే ఒక్కతే అడగొద్దు, సంఘం పెద్దల్ని వెంటబెట్టుకొని కూర్చొని మాట్లాడండి.

డీకేటీ పట్టా భూమి ఉన్నోళ్లు మరీ జాగ్రత్త. 1977 చట్టం ప్రకారం అట్లాంటి భూమిని అమ్మడమే కాదు, కౌలుకు ఇవ్వడం, తాకట్టు పెట్టడం కూడా బదిలీ కిందే లెక్క. 2023లో సవరణ చేసి ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు హక్కు అన్నారు. అది మీ భూమికి వర్తిస్తుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో రికార్డు చూసుకోకుండా ఎవరు చూపిన కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు.

"పెట్టుబడి యాడిది?" అంటారు. పది లక్షల దాకా సంఘం రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అంటే గది బాగు చేసుకోవడానికి, మరుగుదొడ్డి కట్టుకోవడానికి భూమి పణంగా పెట్టాల్సిన అవసరం లేదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒక గది నుంచి ఆరు గదుల వరకు, పన్నెండు మంచాలు మించకుండా పెట్టుకోవచ్చు. ఇంటి యజమాని కుటుంబం అక్కడే కాపురం ఉండాల. ఈ నియమం మనలాంటోళ్లకే మేలు. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లో వాళ్ల వివరాలు తెలిపే ఫారం నింపాల. వంట అమ్మితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకోవాల.

సమాఖ్యను నేను మూడు కోరతాండా. ఒకటి, ప్రతి గ్రామ సంఘంలో సభ్యుల ఇంటి పట్టా, పాసుపుస్తకం ఎవరి పేర ఉందో రాసిపెట్టండి. రెండు, ముందు మూడు నాలుగు ఇండ్లలోనే మొదలుపెట్టి, ఏడాది లెక్క వచ్చే మహాజన సభలో చదివించండి. నష్టం వచ్చినా చదివించండి. మూడు, గండికోట చూడ్డానికి జమ్మలమడుగుకు వచ్చేవాళ్లు పులివెందుల మీదుగా మన దిక్కుకు కూడా వచ్చేటట్టు, అక్కడి సంఘాలతో మాట కలపండి. వాళ్ల బసలో మన ఊరి పేరు, మన బసలో వాళ్ల ఊరి పేరు రాసిపెట్టుకుందాం.

వచ్చేవాళ్లను కడుపు నిండా తినిపించి పంపుదాం. వాళ్లు ఇచ్చే డబ్బు మన చేతికి రావాల, వాళ్లు పడుకునే గది మన పేర ఉండాల.