రేపు బడి కలదా?

(ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును కూడిన యొక సభయందు విశ్రాంత ప్రధానోపాధ్యాయు డొకరు చేసిన యుపన్యాసము)



నన్నీ సభకు పిలిచినవారు "మహమ్మారి కాలమున విద్య" యను పెద్ద మాటను నాకు విషయముగా నిచ్చిరి. దానిని చిన్నది చేసికొనుటకు నేను సెలవడిగితిని. ముప్పదియేండ్లు బడిగంట క్రింద నిలిచినవాడను. నాకు తెలిసినది గంటకు సంబంధించిన సంగతియే. ఆ గంట రేపు మ్రోగునో మ్రోగదో ముందునాటి రాత్రివరకును ఎవరికిని తెలియని స్థితి తెలంగాణమున 2020వ సంవత్సరము మొదలు 2022 వరకు నడచినది. దానిని గూర్చి మాత్రమే నాలుగు మాటలు చెప్పి కూర్చుందును.

2021 ఆగస్టు 31వ తేదీని మీరు మరచియుండరు. నేనప్పటి కింకను ఉద్యోగములోనే యున్నాను. అంతకు ఎనిమిది దినముల ముందు, 23వ తేదీన, అంగన్వాడీ మొదలు విశ్వవిద్యాలయము వరకు సమస్తమును సెప్టెంబరు 1న తెరువబడునని ప్రభుత్వమువారు ప్రకటించిరి. మరునాడు ఉత్తరువు వచ్చెను. ఎనిమిది దినములలో ఏమి చేయగలమో అది చేసితిమి. నెలల తరబడి మూసియున్న గదులు, నీళ్లతొట్టిలో పాచి, ఆవరణలో మోకాలిలోతు గడ్డి. ఊడ్చు పనివారిని బడులనుండి తొలగించి, ఆ పని గ్రామపంచాయతీల కప్పగించియుండిరి. పంచాయతీలో నున్న ఇద్దరు మనుష్యులు ఊరి కాలువలు తీయుదురా, బడి మరుగుదొడ్లు కడుగుదురా? కడకు ఉపాధ్యాయులమే చీపుళ్లు పట్టితిమి. అందుకు చింత లేదు. చీపురు పట్టుట అవమానమని తలచువాడు బడిపంతులు కాజాలడు.

31వ తేదీన ఉన్నతన్యాయస్థానము ఆ ఉత్తరువును ఒక వారము నిలిపివేసెను. బిడ్డలను ప్రత్యక్షముగా బడికి రమ్మని నిర్బంధింపరాదనియు, తరగతులు నడుపని బడులపై చర్య తీసికొనరాదనియు, గురుకులములను, వసతిగృహములను తెరువరాదనియు ఆజ్ఞాపించెను. నాటి రాత్రియే ప్రభుత్వము సవరించిన ఉత్తరు విచ్చెను: గురుకులములు తప్ప తక్కిన బడులు తెల్లవారగనే తెరువవలెను, కాని ఎవరును రావలసిన నిర్బంధము లేదు. రాత్రి తొమ్మిది గంటలకు నా చేతిఫోనులో ఈ వాక్యము చదివి, దీనిని ఊరివారి కేమని చెప్పుదునా యని చాలసేపు కూర్చుంటిని.

ఆ సమయమున మా వాకిట నొక తండ్రి నిలిచియుండెను. కూలిచేసికొని బ్రతుకువాడు. వాని కూతురు పొరుగు మండలములోని గురుకులమున ఎనిమిదవ తరగతి. ఆ దినమే ఆమెను దిగబెట్టుటకు బయలుదేరినాడు. ఇనుపపెట్టె, బకెట్టు, పళ్లెము, గ్లాసు, దుప్పటి, సబ్బులు, అన్నియు కొన్నాడు. రెండు బస్సులు మారి అచ్చటికి చేరగా, గేటుకడ నున్నవారు "టీవీలో చెప్తున్నరు, కోర్టు ఆపిందంట, తోలుకపొండ్రి" అనిరట. పెట్టె నెత్తిన పెట్టుకొని తిరిగివచ్చినాడు. నన్నాయన నిందింపలేదు. "సారూ, తెరుస్తరా తెరువరా అని అడుగుతలేను. ముంగట చెప్పొద్దా? రెండు దినాల కూలి, బస్సు కిరాయి పోయినయి. పిల్ల దారిపొడుగునా ఏడ్చుకుంటనే వచ్చింది" అని మాత్రమే అన్నాడు.

నా యుపన్యాసమంతయు ఆయన మాటలోనే యున్నది. తెరచుట మంచిదా, మూయుట మంచిదా యనునది వైద్యశాస్త్రజ్ఞులు చర్చింపవలసిన ప్రశ్న. ముందు చెప్పుట యనునది అట్టిది కాదు. అందులో చర్చింపవలసిన దేమియు లేదు.

ఇది ఒక్కనాటి పొరపాటైనచో నేనిచ్చట ప్రసంగింపను. కొంచెము వెనుకకు పోయి చూడుడు. 2020 జూన్ 8, సోమవారమున పదవతరగతి పరీక్షలు తిరిగి మొదలు కావలసియుండెను. 6వ తేదీ, శనివారమున, హైదరాబాదు మహానగరము, రంగారెడ్డి జిల్లా తప్ప తక్కినచోట్ల జరుపుకొనవచ్చునని న్యాయస్థానము చెప్పెను. ఆ రాత్రియే పరీక్షలు వాయిదా పడెను. సోమవారమునాడు అసలే రద్దయ్యెను. అయిదు లక్షలకు పైబడిన బిడ్డలు ఆ రెండు రాత్రులు పుస్తకము తెరువవలెనో మూయవలెనో తెలియక గడపిరి. 2021 ఫిబ్రవరిలో 6, 7, 8 తరగతులవారికి బడి తెరచుచున్నా మను మాట ముందునాడు వచ్చినది, 24న తెరచిరి. సరిగా నెల తిరుగులోపల, మార్చి 23న, రేపటినుండి మూసివేయుచున్నామని శాసనసభలో ప్రకటన జరిగెను. జూన్ 19న మంత్రివర్గము సమావేశమై జూలై 1న విద్యాసంస్థలన్నియు తెరువబడునని నిశ్చయించెను. ఆ నెల ముగియకమునుపే ఆ నిశ్చయము మారి, జూలై 1నుండి ఆన్‌లైను పాఠములు మాత్రమే యనిరి. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులు 16వ తేదీతో ముగియవలసియుండగా, సరిగా ఆ 16వ తేదీననే వానిని 30వరకు పొడిగించిరి. ఆంధ్రప్రదేశములో 17ననే బడులు తెరచిరి. కృష్ణకు ఆవలి యొడ్డున గంట మ్రోగుచుండెను, ఈవలి యొడ్డున తాళము వ్రేలాడుచుండెను. రోగము రెండు గట్లను ఒకటిగానే తాకుచుండగా, ఈ భేదమునకు కారణమేమో రెండు గట్లవారికిని ఎవరును విప్పి చెప్పలేదు.

ఈ వరుస చెప్పినది ప్రభుత్వమును వెక్కిరించుటకు కాదు. అది సులభమైన పని, ఇచ్చట చప్పట్లు కూడ దొరకును. కాని ఆ దినములలో ఎవరి తలమీద ఎంత భారముండెనో నేనెరుగుదును. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ యుధృతి మన యిండ్లలోని ఎందరిని తీసికొనిపోయినదో మీకును తెలియును. బిడ్డలకు టీకాలు లేవు. 15 ఏండ్లు నిండినవారికి 2022 జనవరి 3న గాని, 12 ఏండ్లు నిండినవారికి ఆ మార్చిలో గాని మొదలు కాలేదు. అట్టి వేళ తల్లిదండ్రులు బెదరుట సహజము. పాలకులు నిర్ణయము మార్చుకొనుటయు దోషము కాదు. పరిస్థితి మారినపుడు మనసు మార్చుకొననివాడే మూర్ఖుడు. దోష మెచ్చటనున్నదనగా: ఏ లెక్క ఎంత దాటినచో మూయుదురో, ఎంతకు దిగినచో తెరతురో, ఆ కొలత ముందుగా ప్రజలచేతిలో పెట్టలేదు. తేదీని మాత్రమే ప్రకటించిరి. తేదీ యనునది ఏర్పాటు కాదు. ఏర్పాటు లేని తేదీకి ఎవరైన నొకరు న్యాయస్థానము మెట్లెక్కక తప్పదు. ఆగస్టు 31 గలిబిలికి న్యాయమూర్తులను తప్పుపట్టినవారు కొందరు కలరు; నేను వారితో ఏకీభవింపను. ఆ తీర్పులో నొక మాట నాకు మిక్కిలి నచ్చినది. బిడ్డకు రోగము వచ్చినచో బడివారికి బాధ్యత లేదని తల్లిదండ్రులచేత వ్రాయించుకొన్న కాగితములు చెల్లవని చెప్పిరి. భయమును కాగితముమీద వ్రాసి పేదవాని చేతిలో పెట్టు విద్య మన విద్యాశాలలలో అప్పటికే బాగుగ వ్యాపించియుండెను.

ఈ జబ్బు మన యొక్కరిదే యనుకొనకుడు. ఇంగ్లండులో 2021 జనవరి 4న ప్రాథమిక పాఠశాలలు తెరచిరి. ఆ సాయంకాలమే ప్రధానమంత్రి టెలివిజనులో కనబడి రేపటినుండి మూసివేయుచున్నామనిరి. బిడ్డలు సెలవుల తరువాత సరిగా నొక్క దినము బడికి పోయి వచ్చిరి. న్యూయార్కు నగరమున 2020 సెప్టెంబరు 10న తెరువదలచి 21కి జరిపి, ఆ 21కి నాలుగుదినములు ముందు, చాలమంది బిడ్డల విషయమున దానిని ఆ నెల చివరికిని అక్టోబరు మొదటికిని జరిపిరి. ధనిక దేశములును తొట్రుపడినవి. అట్లని మనకు ఊరట కలుగరాదు. ఏలయనగా అక్కడి బిడ్డ బడికి పోలేని దినమున ఇంటిలో భోజనమునకు లోటుండుట అరుదు. ఇచ్చట బడి యనగా పాఠమొక్కటియే కాదు, మధ్యాహ్నపు అన్నము కూడ. మూసిన దినములలో ఆ అన్నము సంగతి ఏమని సర్వోన్నతన్యాయస్థానము 2020 మార్చి 18ననే తానై రాష్ట్రముల నడుగవలసివచ్చెను.

"ఆన్‌లైను ఉన్నది గదా, ఒక వారము అటైన నేమి, ఇటైన నేమి?" అని పట్టణములో నొక పెద్దమనిషి నన్నడిగెను. ఆయన యింట నాలుగు స్మార్టుఫోనులు. దేశములోని పల్లెబిడ్డల స్థితిని పరీక్షించిన 2021 అసర్ నివేదిక ప్రకారము, బడిలో చేరిన బిడ్డలలో నూటికి 67 మంది యిండ్లలో స్మార్టుఫోను కలదు; ఆ యిండ్లలోను నూటికి 26 మంది బిడ్డల చేతికి అది యెన్నడును రాదు. తండ్రితో పొలమునకు పోవు ఫోనులో పాఠము వినబడునా? టీశాట్‌లోను, దూరదర్శన్ యాదగిరిలోను పాఠములు చెప్పించిరి, మంచి ప్రయత్నము. కాని పెట్టెలోని పంతులు "అర్థమైనదా?" అని యడిగి జవాబు వినకయే ముందుకు పోవును. ఫలిత మేమైనదో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌వారు అయిదు రాష్ట్రములలో 16,067 మంది బిడ్డలను పరీక్షించి 2021లో చెప్పిరి: అంతకు ముందేడు వచ్చిన భాషాసామర్థ్యములలో కనీస మొక్కటి నూటికి 92 మంది పోగొట్టుకొనిరి, లెక్కలలో 82 మంది. మా బడిలో ఏడవ తరగతికి వచ్చిన బిడ్డలు ఒత్తులు మరచియుండిరి. ఆ లెక్కలు మన రాష్ట్రమువి కావు గాని, వానిని నమ్ముటకు నాకు వేరు సాక్ష్యము అక్కరలేకపోయినది.

ఇక ప్రైవేటు బడులలోని సోదరుల మాట. వారికి తెరచుటయనగా జీతము, మూయుటయనగా పస్తు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వము వారికి నెలకు రెండువేల రూపాయలును, ఇరువదియైదు కిలోల బియ్యమును ఇయ్య నిర్ణయించెను. మెచ్చుకొనవలసిన పనియే. నాతో చదువుకొన్న యొకడు ఆ బియ్యపు సంచి మోసికొని పోవుచు నన్ను చూచి ప్రక్కసందులోనికి తిరిగిపోయినాడు.

మన పత్రికలు చదువువారికి 1897వ సంవత్సరము గుర్తుండును. బొంబాయి, పూనాలలో ప్లేగు వ్యాపించినపుడు తెల్లదొరతనమువారు అంటువ్యాధుల చట్టమును చేసిరి. మొత్తము నాలుగు సెక్షనులు. ఎట్టి యుత్తరువునైన చేయుటకు ప్రభుత్వమునకు అధికార మిచ్చునది యొకటి. ఉత్తరువు మీరినవారికి శిక్ష యొకటి. అమలుజరుపు అధికారులకు రక్షణ యొకటి. ప్రజలకు ముందు తెలుపవలెనన్న విధి మాత్రము అందులో లేదు. ఉండదు గదా, పాలితులకు కారణము చెప్పుట వలసరాజ్యమునకు అలవాటు లేదు. పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడిరి, ర్యాండు హతుడయ్యెను, ఆ యేడే తిలకుగారు తమ పత్రికలోని వ్రాతలకు చెరసాలకు పోయిరి. ఆ చట్టమునే 2020లో మన స్వతంత్ర ప్రభుత్వములు దుమ్ము దులిపి చేతబట్టినవి. చట్టము పాతదగుట నాకు పెద్ద ఆక్షేపణ కాదు. ఆ చట్టముతోకూడ దాని అలవాటు, అనగా చెప్పకుండ చేయుట, మన కచేరీలలో నిలిచియుండుటయే నా బాధ.

చెప్పి చేసినచో ఏమగునో చూపుటకు ఒక యుదాహరణము మన ప్రక్కనే కలదు. ఆంధ్రప్రదేశములో తేదీ పలుమారులు జరిగి జరిగి 2020 నవంబరు 2న 9, 10 తరగతులకు బడులు తెరచిరి. మూడునాళ్లలో బిడ్డలలో 262 మందికి రోగము కనబడెను. పత్రికలు గగ్గోలు పెట్టెను. విద్యాశాఖవారు ఆ సంఖ్యను దాచలేదు. హాజరైనవారు నాలుగు లక్షలని, ఆ సంఖ్య వేయింటి కొకటికైన రాదని, లవమును హారమును రెండింటిని చూపిరి. లెక్కల పంతులుగా నాకది ముచ్చట గొలిపినది. ఒప్పుకొనువారు ఒప్పుకొందురు, ఒప్పుకొననివారు బిడ్డను ఇంట నుంచుకొందురు. కాని ఇద్దరును ఒకే లెక్కను చూచి నిర్ణయించుకొందురు.

ఇంకొక మహమ్మారి రాదని ఎవరును హామీ యీయలేరు. కావున ఈ సభవారు ఒక తీర్మానము చేయవలెనని ముసాయిదా వ్రాసి తెచ్చితిని. పదిదినముల ముందుగా గాక బడి తెరువు ప్రకటన చేయరాదనియు, మూయుట మాత్రము అత్యవసరమైనచో వెంటనే చేయవచ్చుననియు అందులో నున్నది. మూయుటకు తొందర క్షమింపవచ్చును, తెరచుటకు తొందర యేల? తెరచు కొలతయు మూయు కొలతయు బడి గోడమీద తెలుగులోను, ఉర్దూలోను వ్రాసియుంచవలెనని రెండవది. మూడవదానిమీద మీలో కొందరు నాతో కలహింతురని యెరుగుదును: మండలమున జ్వర మున్నదో లేదో మండలములోని వైద్యుడును, ప్రధానోపాధ్యాయులును, తల్లిదండ్రుల సంఘమును కూడి తేల్చవలెను గాని, హైదరాబాదు నొక్క ఉత్తరువు భద్రాచలపు అడవిలోని పదిమంది బిడ్డల బడికిని, కూకట్‌పల్లిలోని రెండువేలమంది బడికిని ఒకే తీరున తాళము వేయరాదు. "చిన్నవాని చేతికి అధికార మిచ్చినచో నిందయు వానిమీదనే పడును" అని మా సహోపాధ్యాయు డొకడు నిన్ననే హెచ్చరించెను. పడనిండు. 2021 ఆగస్టు 31 రాత్రి నా వాకిటికి వచ్చిన తండ్రి సచివాలయమునకు పోలేదు గదా. ఆ నింద నా గుమ్మమునకే వచ్చినది, దానికి జవాబు చెప్పు అధికారము మాత్రము నాకు రాలేదు.

ఆ గురుకులము అక్టోబరులో గాని తెరువబడలేదు. ఆ తండ్రి ఈసారి ముందుగా నాయొద్దకు వచ్చి, ఉత్తరువు కాగితము చూపుమని యడిగి, తాను చదువలేకున్నను తేదీపై వ్రేలు పెట్టించుకొని, ముద్ర చూచి, అటుపిమ్మటనే బిడ్డను బస్సెక్కించెను.

ముసాయిదా ప్రతులు అధ్యక్షులవారి బల్లమీద నున్నవి. మూడవ అంశముమీద మాటాడదలచినవారు పేరు లిచ్చిన బాగుండును. నేను కూర్చుందును.