సుల్తానా కలలో నీళ్ళెవరు మోస్తారు?

(సూర్యాపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లలకు సైన్స్ మీద ఆసక్తి కలగాలంటే ఏ కథలు చెప్పాలని కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చిన కార్యకర్తలు అడిగారు. సైన్స్ ఫిక్షన్ అనగానే మనకు 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ గుర్తొస్తుంది. నాకూ ఇష్టమైన సినిమానే. కానీ కాలయంత్రాన్ని తయారుచేసింది ప్రొఫెసరుగారు, ఆయన కూతురు అందులో ప్రయాణికురాలు. యంత్రం ఎక్కటమే మన వంతు కాబోలని ఆడపిల్ల అనుకుంటే తప్పు పట్టలేం.

అంతకు 86 ఏళ్ళ ముందే, 1905లో, మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే ఇంగ్లీషు కథ అచ్చయింది. రాసింది రొకేయా సఖావత్ హుస్సేన్, బడి మొహం చూడకుండా పరదాలో పెరిగిన బెంగాలీ ముస్లిం స్త్రీ. ఆ కథలో రాణి ఆడవాళ్ళందరికీ చదువు చెప్పిస్తుంది, 21 ఏళ్ళ లోపు పెళ్ళి నిషేధిస్తుంది. ఒక మహిళా విశ్వవిద్యాలయం బెలూనుకు గొట్టాలు తగిలించి ఆకాశం నుంచే నీళ్ళు దించుతుంది. ఇంకొకటి ఎండ వేడిని పట్టి దాస్తుంది. మగవాళ్ళు నవ్వి, సైన్యం పెంచుకోవటంలో మునిగిపోతారు. తీరా యుద్ధంలో ఓడిపోతారు. అప్పుడు వాళ్ళను జనానాలోకి పంపి, ప్రిన్సిపాలు, 2000 మంది విద్యార్థినులు ఆ ఎండ వేడితోనే శత్రువును తరిమేస్తారు. మగవాళ్ళు లోపలే ఉండిపోయారు!

రొకేయా కథ రాసి ఊరుకోలేదు. 1911లో కలకత్తాలో 8 మంది ఆడపిల్లలతో బడి తెరిచింది.

ఈ కథ చదివితే సోలార్ పొయ్యి చెయ్యటం రాదు, అందుకు పాఠ్యపుస్తకం ఉంది. మగవాళ్ళు గోషాలో ఉన్నారనగానే పిల్లలు నవ్వుతారు. అక్కడే ఆపి అడగండి: ఆడవాళ్ళు ఉంటే నవ్వెందుకు రాలేదు? ‘లోకం తీరు ఇంతే’ అన్న మాట అక్కడ కదులుతుంది. నా దృష్టిలో సైన్స్ చదువుకి అదే మొదటి పాఠం.

మన జిల్లా సంగతే చూడండి. ఫ్లోరైడ్ నీళ్ళను పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. దేశదేశాల్లో తెలిసిన పేరు. ఇంట్లో చేసుకునే తీరులో ఆ నీళ్ళు తెచ్చేదెవరు, బకెట్లో కలిపేదెవరు, తేరుకునేదాకా కాచుకుని ఉండేదెవరు? ఆ చాకిరి ఏ లెక్కలోకీ రాదు. రొకేయా విశ్వవిద్యాలయం మాత్రం నీళ్ళతోనే మొదలైంది.

అయితే ఆ కథనూ ప్రశ్నించాలి. అందులో పొలాలు కరెంటుతో దున్నుతారు, కూలి మనిషి ఎక్కడా కనపడదు. సాగర్ ఎడమకాల్వ కింద కోత మిషన్లు వచ్చాక కూలి పోగొట్టుకున్న ఆడవాళ్ళు మీ సంఘాల్లోనే ఉన్నారు. మిషను ఎవరి చేతిలో ఉంది, మిగిలిన డబ్బు ఎవరి ఇంటికి పోయిందో వాళ్ళు చెప్పగలరు.

చిన్న కథ, ఒక పూట చాలు. తెలుగులో చెప్పండి, పిల్లలతోపాటు తల్లుల్నీ కూర్చోబెట్టండి. ఆ తర్వాత, కోత మిషను కూలివాళ్ళదే అయితే మిర్యాలగూడ ఎలా ఉంటుందో వాళ్ళచేతే రాయించండి. రాయటం రానివాళ్ళు చెప్తే పిల్లలు రాస్తారు.