లేవాలి, మెల్లగా లేవాలి



ఒక గీత కార్మికుడి సంగతి వినండి. అతను తాటిచెట్టు మీంచి పడ్డాడు. రొమ్ము వెనక వెన్నెముక విరిగింది. లోపలి వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు చచ్చుబడ్డాయి. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కొన్ని వారాల తర్వాత డాక్టరు, "ఇక కూర్చోబెట్టొచ్చు" అన్నాడు.

భార్య సంతోషపడింది. చంకల్లో చేతులు వేసి ఒక్కసారే లేపింది. అతని మొహం పాలిపోయింది. కళ్లు తిరిగి తల వాల్చేశాడు. అత్త హడలిపోయింది. "లేపకు బిడ్డా! ఏదో గాలి సోకింది. పండుకోనియ్యి" అంది. రెండు రోజులు అతన్ని ఎవరూ లేపలేదు.

మూడో రోజు ఫిజియోథెరపీ చేయించే ఆమె వచ్చింది. సంగతి విన్నది. "లేపాలమ్మా. కానీ ఒక్కసారే లేపొద్దు" అంది. ఎందుకో విడమరచి చెప్పింది.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. గుండె దాన్ని ఒళ్లంతా తిప్పుతుంది. నీరు పల్లమెరుగు అంటాం కదా! మనం లేచి నిలబడితే రక్తం కూడా కాళ్లలోకి దిగుతుంది. వెంటనే మెదడు వెన్నుపాము ద్వారా కబురు పంపుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. కాళ్ల కండరాలు కదిలి రక్తాన్ని పైకి నెడతాయి. ఇదంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

వెన్నుపాము పైభాగం దెబ్బతింటే ఆ కబురు సరిగా అందదు. కాళ్లు కదలవు. రక్తం కిందనే నిలిచిపోతుంది. బి.పి. పడిపోతుంది. మెదడుకు రక్తం చాలదు. అందుకే కళ్లు తిరుగుతాయి. ఇది గాలీ కాదు, దిష్టీ కాదు.

మరేం చేయాలి?

డాక్టరు సరేనన్నాకే లేపాలి. కాళ్లకు సాగే పట్టీలు చుట్టాలి. పొట్టకు బెల్టు పెట్టాలి. అతనికి స్పర్శ లేదు కదా! పట్టీ బిగిసినా తెలియదు. కాలివేళ్ల రంగు మారిందేమో మనమే చూడాలి. తల వైపు మంచం కొంచెం ఎత్తాలి. కాసేపు ఆగాలి. బాగుంటే ఇంకొంచెం ఎత్తాలి. ఆసుపత్రిలో ఇందుకు ఒక బల్ల కూడా ఉంటుంది. మనిషిని పట్టీలతో దానికి కట్టి, బల్లను కొద్దికొద్దిగా నిలువుగా లేపుతారు. కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టాలి. కాళ్లు ఎత్తి పెట్టాలి.

ఇంకో మాట మరవకండి. ఒక్కోసారి ఇలాంటివారికి బి.పి. బాగా పెరుగుతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది. మొహం ఎర్రబడి చెమటలు పడతాయి. అప్పుడు పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టాలి. పట్టీలు, బెల్టు వదులు చేయాలి. మూత్రం గొట్టం మడత పడిందేమో చూడాలి. వెంటనే డాక్టరును పిలవాలి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

ఆ భార్య రోజూ కొంచెం కొంచెంగా భర్తను లేపింది. ఇప్పుడతను చక్రాల కుర్చీలో వాకిట్లో కూర్చుంటున్నాడు. తన చేత్తో తానే అన్నం తింటున్నాడు. పొద్దున్నే అతని కాళ్లకు పట్టీలు చుట్టేది ఎవరనుకున్నారు? వాళ్లమ్మే!