పిల్లల కీళ్లవాతము: కీలునీటిలోని మార్పులు

సత్తెనపల్లి ప్రాంతపు పల్లెలలో మిరపకోతల కాలమున ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే పనుల సందడిలో మునిగి ఉంటారు. అట్టి వేళ ఆరేళ్ల పిల్ల నిద్రలేచి కుంటుతూ నడిస్తే, ఆటలలో పడినదని పెద్దలు భావించడం సహజమే. ప్రొద్దెక్కేసరికి కుంటు తగ్గుతుంది. సంగతి మరుగున పడుతుంది. కాని మోకాలి వాపు ఆరు వారాలైనా తీయకపోతే దానిని దెబ్బగా ఎంచి ఊరకుండరాదు. కీళ్లవాతము వృద్ధులకే పరిమితమైనది కాదు. పదహారేళ్లలోపు పిల్లలకూ వస్తుంది.

ఆరోగ్యమైన కీలులో చిక్కని, జిగురైన ద్రవము కొద్దిగా ఉండి, ఎముకలు ఒరుసుకొనకుండా కాపాడుతుంది. వ్యాధి సోకిన కీలులోనికి రక్తములోని రక్షణకణాలు గుంపులుగా చేరుతాయి. అవి విడిచే ఎంజైములు కత్తెరలవలె పనిచేసి, ఎముకల కొనలను కప్పి ఉండే మృదులాస్థిలోని మాంసకృత్తులను తునకలు చేస్తాయి. ద్రవము పలుచనై, పరిమాణములో పెరుగుతుంది. ఆ తునకలే తిరిగి వాపును రేపుతాయి.

మరికొన్ని మాంసకృత్తులు తెగిపోకుండానే రూపు మారుతాయి. వాటిలోని ఆర్జినిన్ అనే భాగము సిట్రులిన్‌గా మారుతుంది. ఈ సిట్రులిన్‌ను 1914లో జపాను శాస్త్రజ్ఞులు పుచ్చకాయ రసమునుండి తొలిసారి వేరుచేశారు. ఇట్లు మారిన సొంత మాంసకృత్తులనే కొందరు పిల్లల శరీరము పరాయివిగా ఎంచి, వాటితో పోరాడుతుంది.

ఈ పోరును అణచే మందు చరిత్రలో తెలుగువాని పాత్ర ఉన్నది. భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో అమినోప్టెరిన్ తయారైనది. 1951లో దానిని కీళ్లవాతపు రోగులకిచ్చి గుణము కనుగొన్నారు. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ పిల్లల కీళ్లవాతమును తగ్గిస్తుందని 1992లో వెలువడిన పరీక్షా ఫలితాలు నిరూపించాయి. దీనిని వారమునకు ఒక్కసారి మాత్రమే, వైద్యుని పర్యవేక్షణలో వాడవలెను. రోజూ వాడితే ప్రాణాపాయము.

అరిగిన మృదులాస్థి మరల సులభముగా పెరగదు. కావున కాలయాపనయే ఇక్కడ పెద్ద శత్రువు. ఈ వ్యాధిలో కొందరు పిల్లల కన్నులు నొప్పి గాని, ఎరుపు గాని లేకుండానే చెడుతాయి; కంటి పరీక్షా తప్పనిసరి. పిల్ల నొప్పి అని చెప్పకపోవచ్చును. ఉదయము ఆమె నడకను గమనించండి. వాచిన కీలును పసరుకట్లతో సరిపెట్టక, పిల్లల వైద్యునికి చూపించండి.