దేశ భద్రత లెక్కలో రొయ్యలొలిచే చేతులు

(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశ భద్రత అనగానే ఈ ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది తూర్పు నౌకాదళం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1960లో, అదే జపాన్‌కు బైలదిల్లా ఇనుప ఖనిజం అమ్మడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం కోసమే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. వ్యాపారం పెరిగితే శత్రుత్వం పోతుందనేవాళ్లకు ఇది ఇష్టమైన కథ. కాదనను. కానీ వ్యాపారమే ఆయుధమైతే?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామని 27వ తేదీ నుంచి మరో 25 శాతం కలిపింది. అదే చమురు భారీగా కొంటున్న చైనాకు ఆ శిక్ష లేదు. అంతకుముందు ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల ఎగుమతికి పగ్గం వేసేసరికి అమెరికాలో కార్ల కంపెనీలు ఇబ్బందిలో పడ్డాయి మరి! ఎదుటివాడికి తప్పనిసరైన వస్తువు చేతిలో ఉంటే అదొక రక్షణ. రొయ్య అలాంటిది కాదు. మనం పంపకపోతే ఈక్వడార్ పంపుతుంది.

మనకు మాత్రం అమెరికాయే రొయ్యలకు అతి పెద్ద మార్కెట్. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది ఆంధ్రాలో, వాటిలో చాలా భాగం ఓడెక్కేది విశాఖలో. తల తీసి, ఒలిచి, నరం లాగేది ఎక్కువగా ఆడవాళ్లు. ఐసునీళ్లలో గంటల తరబడి నిలబడి చేసే పని. చాలామంది కాంట్రాక్టు కూలీలే. ఆర్డరు తగ్గితే వీళ్లకు నోటీసు రాదు. ఊళ్లోకి వచ్చే బండి రాదు, అంతే.

2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఎగుమతిదారులకు 20,000 కోట్ల రూపాయల దాకా అదనపు రుణాలకు హామీ ఇచ్చే పథకం ఆమోదించింది. అవసరమే కావచ్చు. అయితే ఆ హామీ బ్యాంకుకూ యజమానికీ మధ్య ఉండేది. పని దినాలు పోయిన కూలీ అందులో ఎక్కడుంది?

ఎవరి దగ్గర చమురు కొనాలో ఈ దేశమే నిర్ణయించుకోవాలి. అందులో నాకు సందేహం లేదు. దాని ఖరీదు ఎవరు కట్టాలన్నదే తగువు.

సుంకాలు తగ్గొచ్చు, పెరగొచ్చు. ఈలోగా ప్రతి ఫ్యాక్టరీ దగ్గరా 2025 ఆగస్టు తర్వాత ఎవరికి ఎన్ని పని దినాలు పోయాయో రాసి కార్మిక శాఖ ముందు పెడదాం. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. జాబితాల్లో లేనివాళ్లను విడిగా రాయండి. పరిహారం అడిగినప్పుడు ముందు కొట్టేసేది వాళ్ల పేర్లే.