అమ్మ చేతిలో మీట



మన ముదిగుబ్బ ఎండలు మీకు చెప్పనక్కరలేదు. మంచం దిగలేని అమ్మ కోసం ఇంట్లో పాత విండో ఏసీ పెట్టించాను. మరుసటి వేసవికి వస్తే, ఏసీ ఆపించేసి ఉక్కలోనే పడుకుని ఉంది. "దాని సద్దులో నేను పిలిస్తే వసారాలో ఉండే మీ నాయనకు వినపడదు" అంది.

కంప్రెసర్ మోతను తగ్గించలేకపోయాను. ఆపే మీటను మాత్రం ఆమె చేతికి ఇవ్వగలిగాను. రిమోట్ రిసీవర్‌కు రిలే కలిపాను. రిలే అంటే కొత్తదేమీ కాదు. ఇదే బడిలో అయ్యవారు చూపించిన కరెంటు గంటలోని విద్యుదయస్కాంతమే. గంట కొట్టే బదులు స్విచ్ వేస్తుంది. కంప్రెసర్ మొదట్లో ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక రిలేతో కాంటాక్టర్‌ను నడిపించాను. ఆపిన వెంటనే మళ్లీ వేస్తే గ్యాసు పీడనం సమం కాక మోటారు మొరాయిస్తుంది. అందుకే 3 నిమిషాల ఆలస్యం పెట్టాను.

ఇప్పుడు అమ్మ మీట నొక్కి, మోత ఆగాక నాయనను పిలుస్తుంది.

పిల్లలారా, యంత్రం బిగించే ముందు దాన్ని వాడేవారిని అడగండి. నేను అడిగేసరికి ఒక వేసవి గడిచిపోయింది.